ఆలస్యముగా వచ్చిన నిజము

గడచిన మాఘమాసమున మా యింట నొక వెండిగిన్నె కనబడకపోయెను. నా తల్లి నాకు సారెతో పెట్టిన గిన్నె యది. మా పిల్లలిద్దరికిని అన్నప్రాశనము దానితోనే జరిగినది. ఇల్లంతయు గాలించితిమి. దొరకలేదు. అంతట వెదకుట చాలించి, ఎవరు తీసియుందురాయని యాలోచించుట కారంభించితిమి. ఈ రెండు పనులకును నడుమ నెంత దూరమున్నదో నాకప్పుడు తెలియలేదు.

మా యింట అంట్లు తోమిపెట్టు మనిషి యొకతె యుండెను. ఆమె పేరిచట వ్రాయను. ఆమె యన్న యొకప్పుడు దొంగతనము చేసి జైలునకు పోయివచ్చినవాడు. ఈ సంగతి వీధిలో నందరకును తెలియును. అది తప్ప ఆమెకు విరోధముగా మాకు దొరికిన యాధారమేమియు లేదు, అదియే చాలుననిపించినది. నేనామెను దొంగవని యనలేదు. "రేపటినుండి రానక్కరలేదు" అని మాత్రమే యంటిని. ఆమె యొక్క నిమిషము నిలువబడి, తడిచేతులు కొంగునకు తుడుచుకొని, మారుమాటాడక వెడలిపోయెను.

వైశాఖమున క్రొత్త యావకాయకని అటకమీది జాడీలు దింపించితిని. ఒక జాడీలో నేదియో గలగలలాడెను. వాసెనగుడ్డ విప్పి చూచునప్పటికి నా గిన్నె! మార్గశిరమున మా చెల్లెలి పెండ్లికి ఊరికి పోవునపుడు, దొంగల భయముచేత నేనే దానిని జాడీలో దాచి మరచితిని.

ఆ రాత్రి నేనీ సంగతి చెప్పగా, మా యింటివారు దిద్దుచున్న పరీక్షకాగితములు ప్రక్కకు పెట్టి, కొంతసేపు మాటాడక, "అమెరికాలో నొక ఖైదీ కథ యున్నది. దానిని నీవు చదువవలెను" అనిరి. వారు తెచ్చియిచ్చిన పుస్తకములవలన నేను గ్రహించినదానిని మీకు మనవి చేయుచున్నాను. చదివినంతసేపును నా గిన్నె నా కన్నులయెదుట కదలుచునే యుండెను.

రోజరు టూహీ యనునతడు 1898లో షికాగో నగరమున పుట్టెను. తండ్రి పోలీసు ఉద్యోగి. తల్లి యతని పసితనముననే గతించినది. మొదట నితడు తంతి కార్యాలయమున పనిచేసి జీవించెను. 1920 మొదలు 1933 వరకు అమెరికా దేశమంతటను మద్యనిషేధ శాసనము నడచినది. ఆ కాలమున టూహీ షికాగోకు వాయవ్యముననున్న శివారు గ్రామములలో దొంగచాటుగా బీరు కాయించి, అమ్మించి, ధనవంతుడయ్యెను. పేరుమోసిన అల్ కపోను ముఠావారికిని ఇతనికిని వైరముండెను. కావున నేను మీకు చెప్పబోవునది ఒక సాధుపురుషుని కథ కాదు. శాసనమును ధిక్కరించి సొమ్ము చేసికొనినవాని కథ. ఈ మాట మొదటనే చెప్పుట మంచిది. ఏలయన, ఇతని కష్టమునకెల్ల ఆ చెడ్డపేరే మూలము.

ఆ దినములలో అమెరికాలో ధనవంతులను, వారి బిడ్డలను ఎత్తుకొనిపోయి సొమ్ము గుంజు దుర్మార్గము ప్రబలియుండెను. 1932 మార్చి 1వ తేదీ రాత్రి, విమానమున ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును దాటిన లిండుబర్గు పసిబిడ్డను ఎవరో తొట్టిలోనుండి యెత్తుకొనిపోయిరి. తరువాత ఆ బిడ్డ శవమై దొరకెను. ఆ తల్లి దుఃఖము దేశమునందలి తల్లులందరి దుఃఖమయ్యెను. ప్రజలకు భయము మించినది. భయముతోపాటు కోపమును మించినది. ఎవనినైనను పట్టి శిక్షించినగాని యా కోపము చల్లారునట్లు లేదు.

ఇట్టి సమయమున, 1933 జూన్ నెలలో సెయింటుపాలు నగరమున హామ్ అను బీరు వ్యాపారిని కొందరెత్తుకొనిపోయిరి. జూలైలో టూహీని పట్టుకొని యా నేరము మోపిరి. నవంబరులో విచారణ జరిగి, జూరీవారతడు నిర్దోషియని తేల్చిరి. ఆ పని చేసినది వేరొక ముఠా యని యటుపిమ్మట రుజువైనది. అయినను టూహీ యింటికి పోలేదు. మరియొక నేరము అతనికొరకు సిద్ధముగా నుండెను.

ఈ రెండవ నేరమునందు ఎత్తుకొనిపోబడెనని చెప్పబడినవాడు జాన్ ఫాక్టరు. ముఖాలంకార ద్రవ్యముల వ్యాపారమున లోకమంతటను పేరుగన్న మాక్సు ఫాక్టరునకు ఇతడు సవతి సోదరుడు. మన యిండ్లలోని యద్దముల ముందరకు ఆ యన్న పేరు వచ్చినది. ఈ తమ్ముని పేరు న్యాయస్థానముల పుస్తకములకెక్కినది. ఇంగ్లండు దేశమున వాటాల వ్యాపారము పేరిట అనేకులను మోసగించి యితడు అమెరికాకు వచ్చి చేరెను. అతనిని తమకు అప్పగింపుమని బ్రిటిషువారడిగిరి. వ్యాజ్యము అమెరికా సుప్రీముకోర్టు వరకు పోయినది.

ఆ వ్యాజ్యము నడుచుచుండగానే, 1933 జూలై 1వ తేదీ తెల్లవారకముందు ఫాక్టరు అదృశ్యుడయ్యెను. పండ్రెండు దినములకు గడ్డము మాసి మరల కనబడి, తన్నెవరో యెత్తుకొనిపోయిరనియు, తనవారు 70,000 డాలర్లు చెల్లించి విడిపించిరనియు చెప్పెను. ఆ దినము మొదలుకొని అతడు మోసగాడు కాడు, మోసపోయినవాడు. డిసెంబరు 4వ తేదీని సుప్రీముకోర్టు అతనిని ఇంగ్లండునకు అప్పగింపవచ్చునని తీర్పు చెప్పినను, నేరవిచారణలో ముఖ్యసాక్షి యగుటచే అమెరికాలోనే నిలిచిపోయెను. కడకు వారతనినెన్నడును ఇంగ్లండునకు పంపలేదు. ఈ అపహరణమువలన లాభపడినవాడెవడో మీరే యాలోచింపుడు.

కండ్లకు గంతలు కట్టిరి గనుక ఎవరిని గుర్తింపజాలనని మొదట చెప్పిన ఫాక్టరు, న్యాయస్థానమున టూహీని చూపి యితడేయనెను. తొలి విచారణలో జూరీవారు ఏకాభిప్రాయమునకు రాజాలకపోయిరి. కొలది దినములకే రెండవ విచారణ జరిగినది. ఈసారి, తానును ఈ పనిలో పాల్గొంటినని చెప్పుకొను వేరొక నేరస్థుడు టూహీకి విరోధముగా సాక్ష్యమిచ్చెను. 1934 ఫిబ్రవరిలో జూరీవారు దోషియనిరి. శిక్ష 99 ఏండ్లు. 1935లో ఇల్లినాయి రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షను స్థిరపరచెను.

అప్పటికి టూహీ వయస్సు ముప్పదియైదు దాటినది. భార్యయు ఇద్దరు కుమారులును కలరు. ఎత్తుకొనిపోవువాని బిడ్డలన్న మాట వారి వెంట నడువకుండుటకై ఆమె పిల్లలతో నా యూరు విడిచి దూరప్రాంతమునకు పోయి కాపురముండెను. శిక్ష పడినది ఒకనికి. పేరు మాసినది నలుగురకు.

జైలులో ఎనిమిదేండ్లు గడచెను. అపీళ్లన్నియు వీగిపోయెను. 1942 అక్టోబరు 9వ తేదీని మరి ఆరుగురితో కలిసి యతడు జైలుగోడ దాటి పారిపోయెను. డిసెంబరు నెలాఖరునకు మరల చిక్కెను. తోడి ఖైదీ తప్పించుకొనుటకు సాయపడెనని మరి 199 ఏండ్ల శిక్ష వేసిరి. నిర్దోషియైనచో ఏల పారిపోవలెనని లోకులనిరి. అది సహజమైన ప్రశ్నయే. కాని తలుపులన్నియు మూసికొనిన యింటిలో చిక్కినవాడు కిటికీ దూకినచో, వాడు దొంగయగుటచే దూకెనని చెప్పుటకు వీలులేదు గదా.

తరువాత నొక న్యాయవాది ఈ వ్యాజ్యపు కాగితములను మొదటినుండి చివరవరకు చదివెను. ఆంగ్లేయుల న్యాయశాస్త్రమునుండి అమెరికాకు వచ్చిన హెబియస్ కార్పసు అను విన్నపమొకటి యున్నది. "ఈ మనిషిని ఏ న్యాయము ననుసరించి బంధించితిరో చెప్పుడు" అని జైలు అధికారిని న్యాయస్థానముచే నడిగించు హక్కు అది. టూహీ పక్షమున కేంద్ర న్యాయస్థానమున నా విన్నపము వేసిరి. తన నిర్దోషిత్వమును తెలుపు కాగితములు కేంద్ర నేరపరిశోధన శాఖవారి యొద్ద నున్నవని టూహీ నమ్మకము. వానిని తెమ్మని న్యాయస్థానము ఆజ్ఞాపింపగా, ఆ శాఖ యుద్యోగి, పై యధికారి యుత్తరువు ప్రకారము తేనని నిరాకరించెను. 1951 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఆ యుద్యోగి చేసినది తప్పు కాదని తీర్పు చెప్పెను. నేటికిని ఆ దేశమున ప్రభుత్వ శాఖలు న్యాయస్థానములకు తమ కాగితములను ఇచ్చుటను గూర్చిన నియమములను టూహీ నియమములని పిలుచుచున్నారు. కాగితములు చూపుడని మొరపెట్టుకొనినవాని పేరు, కాగితములు చూపకుండుటకు వీలిచ్చు నియమమునకు నిలిచిపోయినది.

అయినను విచారణ ఆగలేదు. 1954 ఆగస్టు 9వ తేదీని న్యాయాధిపతి జాన్ బార్న్సుగారు సుదీర్ఘమైన తీర్పు వెలువరించిరి. ఫాక్టరునెవరును ఎత్తుకొనిపోలేదనియు, ఇంగ్లండునకు పోకుండుటకై యతడే యా నాటకమాడెననియు, టూహీని అబద్ధపు సాక్ష్యముతో శిక్షింపించిరనియు, నేరము నడిపించినవారికది తెలియుననియు వారు స్పష్టముగా వ్రాసిరి. ఇరువదియేండ్ల తరువాత తలుపు తెరచుకొనెను. టూహీ వెలుపలికి వచ్చెను.

రెండు దినములే! ప్రభుత్వమువారు పై న్యాయస్థానమునకు పోగా అతనిని మరల జైలునకు చేర్చిరి. 1955లో ఆ పై న్యాయస్థానము బార్న్సుగారి తీర్పును కొట్టివేసెను. ముఖ్యకారణమేమనగా, టూహీ ముందుగా రాష్ట్ర న్యాయస్థానములలోని దారులన్నియు త్రొక్కి, అటు తరువాతనే కేంద్ర న్యాయస్థానమునకు రావలసియుండెననుట. అనగా, ఇతడు దోషియా కాదా యను ప్రశ్నకు వారిచ్చిన యుత్తరము కాదది; నీవు వచ్చిన తలుపు సరియైనది కాదని చెప్పుట. సుప్రీముకోర్టువారు ఆ వ్యాజ్యమును మరల విచారించుటకు అంగీకరింపలేదు. అందువలన టూహీ నిర్దోషియని యే పై న్యాయస్థానమును తుదిమాటగా చెప్పియుండలేదు.

1957లో రాష్ట్ర గవర్నరు శిక్షలను తగ్గించెను: 99 ఏండ్లు 72 అయ్యెను, 199 ఏండ్లు 3 అయ్యెను. ఇట్లు 1959 నవంబరు 24వ తేదీని, ఇరువదియైదు ఏండ్లకు మించి జైలులో గడపిన తరువాత, టూహీ షరతుల మీద విడుదలయ్యెను. నిర్దోషిగా కాదు, కనికరింపబడిన దోషిగా. షికాగోలో సోదరి యింట దిగెను. డిసెంబరు 16వ తేదీ రాత్రి ఆ యింటి గడప యెక్కుచుండగా గుర్తు తెలియనివారు తుపాకులతో కాల్చి చంపిరి. చంపినవారికి శిక్ష పడలేదు.

ఫాక్టరు సంగతి వినుడు. వేరొక మోసమునకు 1943 ప్రాంతమున అతనికి జైలుశిక్ష పడినది. 1962లో అధ్యక్షుడు కెనెడీగారు ఆ శిక్షను క్షమించిరి. తరువాత దానధర్మములు చేయుచు, పెద్దమనిషి యనిపించుకొని, 1984లో ముసలితనమున చనిపోయెను. చెడ్డపేరు టూహీని విడువలేదు. మంచిపేరు ఫాక్టరునకు కొనుటకు దొరికినది.

ఇంతవరకు చదివిన సోదరీమణులు "న్యాయాధిపతులు రాతిగుండెవారా?" యని యడుగవచ్చును. నేనును అట్లే యడిగితిని. మా యింటివారు రెండవ పక్షమును చెప్పిరి. దానిని మరుగుపరచుట ధర్మము కాదు. కాలము గడచినకొలది సాక్షులు చనిపోవుదురు, బ్రదికియున్నవారి జ్ఞాపకము మాసిపోవును, కాగితములు పోవును. ఖైదీ యెవడైనను తాను నిర్దోషినని చెప్పుట సులభము. బిడ్డను గోల్పోయిన తల్లి, భర్తను గోల్పోయిన భార్య, ఒకసారి ముగిసినదనుకొనిన వ్యాజ్యము ఇరువదియేండ్లకు మరల తెరచినచో మానుచున్న పుండు రేగినట్లు బాధపడుదురు. వ్యాజ్యమునకు ఎచటనో యొకచోట ముగింపుండవలెనను మాట తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఈ రెండు పక్షముల నడుమ అమెరికా న్యాయస్థానములు చాలకాలము ఊగిసలాడినవి. 1993లో టెక్సాసునందు మరణశిక్ష పడిన ఎర్రేరా యనువాడు పదియేండ్ల తరువాత తాను నిర్దోషినని క్రొత్త సాక్ష్యముతో రాగా, నిర్దోషిత్వమొక్కటియే కేంద్ర న్యాయస్థానము జోక్యము చేసికొనుటకు చాలిన కారణము కాదని, అట్టివారు గవర్నరు దయను వేడుకొనవలెనని సుప్రీముకోర్టువారనిరి. అదే యేట వానికి మరణశిక్ష అమలు జరిగెను. 1996లో చేసిన శాసనము ఇట్టి విన్నపములకు ఒక్క యేడు గడువు పెట్టినది. ఆ గడువు దాటినవాడు ఎంతటి నిజము తెచ్చినను విననక్కరలేదా? ఈ ప్రశ్నకు 2013లో సమాధానము వచ్చినది. పెర్కిన్సు అను మిషిగను రాష్ట్రపు ఖైదీ వ్యాజ్యములో, వాస్తవముగా నిర్దోషియని బలముగా చూపగలిగినచో గడువు దాటినను తలుపు మూయరాదని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తొమ్మండుగురు న్యాయాధిపతులలో అయిదుగురు ఆ పక్షము వహించిరి. ఆ తీర్పు వ్రాసినవారు ఒక స్త్రీ: రూత్ బేడర్ గిన్సుబర్గుగారు. ఈమె 2020లో పరమపదించిరి.

అయితే ఆ తలుపు చాల యిరుకైనది. క్రొత్త సాక్ష్యమును చూచిన పిమ్మట బుద్ధిగల జూరీవాడెవడును ఇతనిని దోషి యనడు అని తోచునంత బలముగా నుండవలెను. ఆలస్యమేల చేసితివను ప్రశ్నయు తప్పదు. అయినను ఇరుకైన తలుపు గోడకంటె మేలు. 1989 మొదలుకొని ఆ దేశమున శిక్షపడి తరువాత నిర్దోషులని తేలినవారు మూడువేలమందికి మించియున్నారు. వారి కష్టములకు కారణములను వెదకినచో మరల మరల కనబడునవి ఇవి: అబద్ధపు సాక్ష్యము, ఒకరిని జూచి మరియొకరనుకొనుట, అధికారులు నిజమును దాచుట. టూహీ కథలోని దినుసులే యివన్నియు.

మన దేశమునను అపీలునకు గడువు కలదు. కాని తగిన కారణము చూపినచో ఆలస్యమును క్షమించి వినవచ్చునని 1963 నాటి కాలపరిమితి శాసనమున నున్నది. 1987 నాటి న్యాయసేవల శాసనము ప్రకారము స్త్రీలకును, నిర్బంధములో నున్నవారికిని న్యాయవాదిని ఉచితముగా నేర్పరచవలెను. మీ యెరుకలో నెవతెయేని భర్తయో కొడుకో జైలులోనుండగా, డబ్బు లేదని, గడువు దాటినదని కూర్చుండి యేడ్చుచున్నచో, జిల్లా న్యాయస్థానముననే యుండు న్యాయసేవా సంస్థకు పొమ్మని చెప్పుడు. ఈ మాట చెప్పుటకు మనము న్యాయశాస్త్రము చదువనక్కరలేదు.

ఇట్టి కథలు మన పురాణములకు క్రొత్తవి కావు. మృచ్ఛకటికమున చారుదత్తుడు వసంతసేనను నగలకై చంపెనని నేరము మోపబడెను. మోపినవాడే ఆమె గొంతు నులిమినవాడు. చారుదత్తుని దారిద్ర్యమే యతనికి విరోధముగా సాక్ష్యమిచ్చినది. వధ్యస్థానమున కత్తి లేచినవేళకు చనిపోయెననుకొన్న వసంతసేన ప్రాణములతో వచ్చి నిలిచెను. నాటకము గనుక ఆమె సమయమునకు వచ్చినది. లోకములో వసంతసేనలు చాలమంది ఇరువదియేండ్లు ఆలస్యముగా వత్తురు.

ఆలస్యముగా వచ్చినచో నేమగునో తెలియవలెనన్న భారతమున మాండవ్యముని కథ చూడవలెను. ముని మౌనవ్రతమున తపస్సు చేసికొనుచుండగా దొంగలు రాజధనమును తెచ్చి యాశ్రమమున దాచిరి. రాజభటులడిగిన ప్రశ్నకు ముని బదులు చెప్పలేదు. ఆ మౌనమునే నేరముగా నెంచి దొంగలతోపాటు మునిని శూలమున కెక్కించిరి. తపోబలమున ప్రాణము పోలేదు. కొంతకాలమునకు రాజు నిజము తెలిసికొని పరుగున వచ్చి పాదములబడి, శూలమును పెరికింపజూచెను. రాలేదు. వెలుపలి భాగము కోయించెను. లోపలి మొన మునిశరీరముననే మిగిలిపోయినది. ఆణిమాండవ్యుడని పేరు వచ్చినది అందువలన. రాజు దుర్మార్గుడు కాడు. తప్పు తెలిసిన వెంటనే వచ్చి దిద్దుకొనినవాడు. అయినను మొన రాలేదు.

ఈ కథ నేను బాల్యమున మా తండ్రిగారి యొద్ద చదివితిని. అర్థము చెప్పగలిగితిని, సంధులు విడదీయగలిగితిని. గిన్నె దొరకిన నాడు గాని నాకది తెలియలేదు.

మరునాడు ప్రొద్దుట నేను గిన్నెను కొంగున కట్టుకొని యామె యింటికి పోయితిని. వాకిట పేడ కలుపుచుండెను. నన్ను చూచి లేచి నిలువబడినది. గిన్నె చూపి, జరిగినది చెప్పి, "నాదే తప్పు. రేపటినుండి రమ్ము. ఈ మూడు నెలల జీతమును ఇచ్చెదను" అంటిని. ఆమె గిన్నె వంక చూచినది గాని ముట్టుకొనలేదు.

"గిన్నె దొరికిందని నాకు చెప్పారు, సంతోషం అమ్మగారూ. మరి వీధిలోవాళ్ళకి ఎవరు చెబుతారు? మీరు మానిపించారని తెలిసి తక్కిన రెండిళ్ళవాళ్ళూ మానిపించారు. మా అన్న చేసినదానికి వాడు జైలుకెళ్ళాడు. నేను చెయ్యనిదానికి నా పిల్లదాన్ని బడిలో పిల్లలు దొంగదానా అంటున్నారు."

నాకు మాట రాలేదు. మా యింటివారు పాఠము చెప్పు బడియే యది.

షికాగోలోని న్యాయాధిపతులు చేసిన తప్పును ఖండించుట నాకు సులభముగనే యుండెను. వారు పెద్దవారు, దూరమున నున్నవారు. కాని టూహీని శిక్షించినవారికి జూరీ యొకటి, సాక్షులు, వకీళ్లు, అపీళ్లు నుండెను. నా వంటింటి న్యాయస్థానమున ఫిర్యాది నేనే, సాక్షిని నేనే, తీర్పరిని నేనే. ఆమెకు అపీలు చేసికొను చోటే లేకపోయినది. పైగా నేను నేరము మోపనైన లేదు. మోపియుండినచో కాదని చెప్పుకొనుటకైనను ఆమెకు వీలుండెడిది. రానక్కరలేదన్న మాటకు జవాబేమున్నది? మాండవ్యుని మౌనము వ్రతమువలన. ఈమె మౌనము నా మాటవలన.

ఆ సాయంకాలము నేను మా వీధిలో ఏడిండ్లకు పోయితిని. ప్రతి యింటను గిన్నె చూపి, "నేనే దాచి మరచితిని, ఆమె తీయలేదు" అని చెప్పితిని. మొదటి యింట చెప్పుట కష్టమయ్యెను. మూడవ యింట నొక యిల్లాలు నవ్వి, "అయినా వాళ్ళ వంశం అటువంటిదే కదండీ" అనెను. అప్పుడు నాకు శూలపు మొన యన నేమో కన్నులార కనబడినది. ఆమెతో మరి కొంతసేపు కూర్చుండి, మరల మొదటినుండి చెప్పితిని. మరునాడు మా యింటివారు బడిలో ఆ పిల్లను తమ యెదుట కూర్చుండబెట్టుకొని, తరగతి యంతయు వినునట్లు గిన్నె కథ చెప్పి, తప్పు మా యింటిదని చెప్పిరి.

ఆమె వారము దినములకు మరల పనికి వచ్చుచున్నది. ఇప్పుడును ఏదైన వస్తువు కనబడక నేను వెదకుచున్నచో, చేయు పని యాపి, నా ముఖము వంక చూచును. నేను వెంటనే "నేనే యెక్కడనో పెట్టితిని" అని పైకి చెప్పెదను. చెప్పిన తరువాతనే వెదకెదను.

సోదరీమణులారా! మీ యిండ్లలోను అటకమీద జాడీలుండును. మీరు పంపివేసిన వారెవరైన నుందురేమో జ్ఞాపకము చేసికొనుడు. వస్తువు దొరకినచో, దొరకినదని వారికి మాత్రము చెప్పి యూరకుండకుడు. అపవాదు ఎన్ని వాకిళ్లు త్రొక్కినదో నిజమును అన్ని వాకిళ్లకును నడిపింపుడు. ఎంత ఆలస్యమైనను సరియే.